సుబ్బులమ్మ చూసిన కామ

మా గిద్దలూరు రైలు గ్యాంగుల్లో ఒకప్పుడు ఒక మాట ఉండేది. కొత్త సమ్మెట చేతికిస్తే, తీసుకునేవాడు ముందు "సుబ్బులమ్మ చూసిందా?" అని అడిగేవాడు. చూసిందంటే భుజానికెత్తుకునేవాడు. లేదంటే ఎంతటివాడు చెప్పినా ముట్టేవాడు కాదు. ఆ సుబ్బులమ్మ ఆఫీసరు కాదు, వడ్రంగి కాదు. ఆమెకు ఓనమాలు కూడా రావు. పొయ్యిలోకి కట్టెలు కొట్టుకుని వండుకునే గ్యాంగుమన్ పెళ్లాం.

మా ఊళ్లో ఇప్పటికీ కొందరు ఆమెది హస్తవాసి అంటారు. ఆమె చెయ్యి పడితే కర్ర విరగడం మరచిపోతుందట. ఈ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. తెలివి మగవాడికుంటే మేధావి అంటారు, అదే తెలివి ఆడమనిషికుంటే హస్తవాసి అని సరిపెట్టేస్తారు. ఆమె చేతిలో ఏ మహిమా లేదు. కంటితో చూసింది, బుర్రతో ఆలోచించింది, నలుగురి ముందు నిలబడి రుజువు చేసింది. ఆ రుజువు మీద ఒక మనిషి బతుకు నిలబడింది. ఆ కథ చెప్పే హక్కు నాకుంది, ఎందుకంటే ఆ సమ్మెట విరిగి పడింది మా తాత కాలి మీదే.

మా తాత పాపయ్య గ్యాంగు మేస్త్రీ. అది తెల్లదొరల కాలం. మా తాలూకా అప్పుడు కర్నూలు జిల్లాలో, ఆ జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేవి. గిద్దలూరు దాటితే రైలు నల్లమలలోకి ఎక్కుతుంది. ఎండకు పట్టాలు సాగుతాయి, వానకు వాటి కింది మట్టికట్ట జారుతుంది, కొండ మీది రాళ్లు చెప్పాపెట్టకుండా దొర్లిపడతాయి. వీటన్నిటినీ సరిచేసుకుంటూ తిరిగే పద్నాలుగుమంది మా తాత గ్యాంగు.

వాళ్లలో అందరికంటే గట్టి పనివాడు కొండయ్య. బేస్తవారిపేట పక్క పల్లెవాడు. మెట్టచేను రైతు. వానలు మూడేళ్లు వరసగా మొహం చాటేస్తే ఎద్దుల్ని వదులుకుని, పెళ్లాన్ని వెంటబెట్టుకుని వచ్చి గ్యాంగులో చేరాడు. నెమ్మదైన మనిషి. మాట తక్కువ, దెబ్బ ఎక్కువ.

ఆ రోజుల్లో ఇనప పట్టాను కోయడానికి మిషన్లు లేవు. ఒకడు పొడుగు పిడి ఉన్న ఉలిని పట్టా మీద నిలబెట్టి పట్టుకుంటాడు. ఇంకొకడు ఎదురుగా నిలబడి సమ్మెటతో ఆ ఉలి నెత్తిన కొడతాడు. గాటు లోతుగా దిగేదాకా అదే చోట, అదే దెబ్బ. దెబ్బ జానెడు పక్కకు పోతే ఉలి పట్టుకున్నవాడి చెయ్యో కాలో పోతుంది. కొట్టేవాడి మీద గట్టి నమ్మకం లేకపోతే ఆ ఉలి పట్టుకోలేరు. మా తాత కొండయ్య కొడితేనే ఉలి పట్టేవాడు. వేరేవాడు సమ్మెటెత్తితే, "నాకు పెళ్లాం పిల్లలుండారు నాయనా" అని లేచి పక్కకు పోయేవాడు.

ఇక సుబ్బులమ్మ. పూర్తి పేరు వెంకటసుబ్బులమ్మ. మనిషి పొట్టి, నోరు మాత్రం పొడుగు. గ్యాంగువాళ్లుండే కొట్టాల్లో ఆడవాళ్లందరూ కట్టెలు కొట్టుకునేవాళ్లే గానీ, సుబ్బులమ్మ కొట్టే తీరు వేరు. గొడ్డలి ఎత్తేముందు దుంగను దొర్లించి బెరడు చూసేది. బెరడు మీది గీతలు నిలువుగా పోతే లోపల నారా నిలువుగానే ఉంటుంది, ఒక్క దెబ్బకు రెండు బద్దలవుతుంది. గీతలు మెలి తిరిగి ఉంటే లోపల నారా మెలి తిరిగే ఉంటుంది, ఎంత కొట్టినా గొడ్డలి ఇరుక్కోవడమే. అలాంటి దుంగను చీల్చడం కంటే మొగుణ్ణి దారికి తేవడం సులువని ఆమె అనేది. పక్కింటివాళ్లు కూడా దుంగలు తెచ్చి, "అక్కా, ఇది చీలుతుందా?" అని అడిగి పోయేవాళ్లు. పదేళ్ల వయసు నుంచి చేస్తున్న పని అది. ఆ చూపుకు గొప్ప విలువ ఉందని ఆమెకే తెలియదు.

సమ్మెటకు వేసే కర్ర పిడిని మేము కామ అంటాం. అంతకుముందు అడవి పక్క పల్లెల వడ్రంగులు జాన అనే అడవిచెట్టు కర్రతో కామలు చేసి ఇచ్చేవాళ్లు. జాన కర్ర వంగుతుంది, సాగుతుంది, తొందరగా విరగదు. వాళ్లు దుంగను గొడ్డలితో చీల్చి, ఆ బద్దను బాడిసతో చెక్కేవాళ్లు. చీల్చిన కర్ర నార ఎటు పోతే అటే చీలుతుంది కాబట్టి ఆ కామలు కాస్త వంకరగా ఉండేవి. చూడ్డానికి అందం లేదు.

ఆ ఏడు కంభం నుంచి గురుస్వామి అనే కొత్త కంట్రాక్టరు వచ్చాడు. అదే జాన కర్రను రంపంతో కోయించి, చిత్రిక పట్టించి పంపాడు. ఆరేటప్పుడు కాస్త ఒంగినవి కొన్ని తప్పితే, గీత గీసినట్టు తిన్నగా, చెయ్యి జారేంత నున్నగా ఉన్నాయి కామలు. గ్యాంగు మొత్తం మురిసిపోయింది. మా తాత కామల కట్టంతా వెతికి, అన్నిట్లోకీ తిన్నని కామలను ఏరి పక్కన పెట్టి, అవి కొండయ్యకే ఇచ్చాడు. మంచి పనివాడికి మంచి సరుకు ఇవ్వాలన్నది ఆయన న్యాయం. అదే తాను చేసిన తప్పని చనిపోయేదాకా చెప్పుకునేవాడు.

శ్రావణంలో కొండయ్య చేతిలో ఒక కామ విరిగింది. భాద్రపదంలో ఇంకొకటి. విరిగిన పనిముట్టుకు ఒక పుస్తకం ఉండేది. అందులో విరగ్గొట్టినవాడి పేరు రాస్తారు. కామ ఎలా విరిగింది, ఎందుకు విరిగింది అని ఎవరూ రాయరు. అలా మూడుసార్లు పేరెక్కితే నిర్లక్ష్యం కింద గ్యాంగు నుంచి తీసేస్తారు. ఇన్‌స్పెక్టరు వచ్చి రెండోసారి పేరు రాసేటప్పుడు కొండయ్య నోరు విప్పి, "కామలోనే ఏందో ఉండాది సామీ" అన్నాడు. అక్కడే ఉన్న గురుస్వామి నవ్వి, "ఆడలేక మద్దెల ఓడన్నాడంట. మిగతా పదముగ్గురి కామలు విరగలేదే?" అన్నాడు. మిగతావాళ్లు గడ్డపార ఎత్తేవాళ్లు, రాళ్లు సర్దేవాళ్లు. పట్టా కోసే దెబ్బ కొండయ్య ఒక్కడిదే. ఆ సంగతి ఆ పూట ఎవరికీ తోచలేదు.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజకు గ్యాంగు పనిముట్లన్నీ కడిగి, కొట్టాల ముందు చాప మీద వరసగా పేర్చారు. వాటికి బొట్లు పెట్టే పని ఆ ఏడు సుబ్బులమ్మకు వచ్చింది. నీళ్లలో కలిపిన కుంకుమను ఉంగరపు వేలితో అద్దుకుంటూ పోతోంది. పాత కామల మీద బొట్టు గుండ్రంగా నిలిచింది. వాటికి చేతి చెమటా, ఆముదమూ పట్టి నిగ్గుదేలి ఉన్నాయి. కొత్త కామల మీద మాత్రం బొట్టుకు తోకలు మొలిచాయి. తడి కుంకుమ సన్నటి గీతలుగా కర్రలోకి పాకింది. కొన్నింటి మీద తోక కామ పొడుగునా పోయింది. కొన్నింటి మీద వాలుగా పోయి అంచుకు తేలింది.

"ఏందక్కా, చెయ్యి వణుకుతాండాదా?" అని ఆడవాళ్లు ఆట పట్టించారు. బొట్టు చెదిరితే అశుభం కదా. సుబ్బులమ్మ చీర కొంగుతో తుడిచి మళ్లీ పెట్టింది. మళ్లీ తోక. మళ్లీ వాలుగానే. విసుక్కుని వదిలేసింది.

దసరా వెళ్లిన ఎనిమిదో రోజు, స్టేషను దాటాక మొదటి మలుపు దగ్గర, దారి పక్కన పెట్టుకుని కొత్త పట్టా కోస్తున్నారు. మా తాత ఉలి పట్టాడు, కొండయ్య కొడుతున్నాడు. గాటు సగం దిగింది. అప్పుడు ఎత్తిన సమ్మెట దిగుతూ దిగుతూ గాలిలోనే విడిపోయింది. కామ సగం కొండయ్య చేతిలో మిగిలింది, మిగతా సగంతో ఇనప తల వచ్చి మా తాత మోకాలి కింద పడింది. ఎముక విరగలేదు గానీ కండ చీలి తెల్లగా కనిపించిందట.

కొండయ్యే ఆయన్ను భుజాన వేసుకుని స్టేషనుకు పరుగెత్తాడు. కట్టు కట్టించి ఇంటికి చేర్చేసరికి మా అవ్వ రోశమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "నా మొగుడు నిన్ను నమ్మి నీ ఎదురుగ కూచున్నాడు. ఇంగ మా గడప తొక్కొద్దు" అంది. మా అవ్వ మంచి మనిషే. కానీ రక్తం చూసిన ఆడమనిషి నోటికి న్యాయం తెలియదు.

కొండయ్య ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అన్నం పెడితే కలిపి వదిలేశాడు. ఉద్యోగం పోతుందన్న దిగులు ఉంది, కాదనను. బేస్తవారిపేట చేనులో గడ్డి కూడా మొలవని ఏడు అది. కానీ అంతకు మించి ఇంకొకటి పట్టుకుంది ఆయన్ను. రెండు చేతులూ ముందు చాపుకుని చూసుకుంటూ, "నా చేతులకు ఏందో అయింది సుబ్బులూ. మూడుసార్లు. కామది కాదు తప్పు, నాదే" అన్నాడు.

ఈ మాట సుబ్బులమ్మను కోసేసింది. మొగుడి ఉద్యోగం పోతే ఇంకో కూలి దొరుకుతుంది. తన చేతుల మీద తనకే నమ్మకం పోయిన మగవాణ్ణి ఏం చేసుకోవాలి? నాలుగు రోజుల్లో ఇన్‌స్పెక్టరు వస్తాడు, మూడోసారి పేరు రాస్తాడు. రాస్తే కొండయ్య బతికున్నంత కాలం ఆ రాతనే నమ్ముతాడు.

మరుసటి పొద్దున ఆమె పొయ్యి రాజేసింది. విరిగిన కామలు గ్యాంగు ఇళ్లలో పొయ్యిలోకే పోతాయి. జాన కర్ర బాగా మండుతుంది మరి. మొదటి రెండు కామలతో అన్నం వండుకుని తినేశారు. మూడోది కూడా పొయ్యి దగ్గరే పడి ఉంది. దాన్ని మంటలోకి తోయబోయి ఆమె చెయ్యి ఆపుకుంది. దసరా బొట్టు మరక ఇంకా ఉంది దాని మీద. బొట్టు తోక వాలుగా పోయింది. కామ విరిగిన చోటు కూడా వాలుగానే ఉంది, కలం పాళీలా సన్నగా, పొడుగ్గా. వేలు పెట్టి చూసింది. తోకా విరుగూ ఒకే వాలు.

ఆమె అక్కడే కూలబడిపోయింది. పొయ్యి మీది ఎసరు పొంగి మంట ఆరిపోయినా లేవలేదు.

తరువాత లేచి పెరట్లోకి పోయి, తాను చీల్చిన కట్టె ఒకటి తీసి తడి కుంకుమ పెట్టింది. తోక తిన్నగా పోయింది. మెలి తిరిగిన దుంగ మీద, వడ్రంగి కోసి పారేసిన పలక ముక్క మీద పెట్టింది. తోక పక్కకు పోయింది. సాయంత్రానికి కట్టెల కుప్పంతా బొట్లే. పక్కింటివాళ్లు ఈమెకు మతి చలించిందనుకున్నారు. ఆమెకు మాత్రం సంగతి అరచేతిలో ఉసిరికాయ అయింది. రంపానికి కళ్లు లేవు. గీత గీసిన చోట కోసుకుంటూ పోతుంది. లోపల నార ఎటు పోతోందో దానికి అక్కర్లేదు. పైకి తిన్నగా ఉన్న కామలో నార అడ్డంగా తెగి ఉంది. మా తాత ఏరి ఏరి ఇచ్చిన అందమైన కామలే కొండయ్య చేతిలో విరిగాయి.

ఆమె నేరుగా మా ఇంటికి వచ్చింది. మా అవ్వ తలుపు మూయబోతే కాలు అడ్డం పెట్టింది. "రోశమ్మక్కా, తిట్టు, పడతా. కానీ బావతో ఒక మాట మాట్లాడనీ" అంది. మంచం మీద ఉన్న మా తాత ముందు విరిగిన కామ పెట్టి, చెప్పాల్సింది చెప్పింది. మా తాత ఆ బొట్టు తోకను, ఆ విరుగును వేలితో తడిమి చూశాడు. "నేనే ఏరినా గదమ్మా ఇది" అని మాత్రం అన్నాడు. కొత్త కామలున్న పెట్టె తాళంచెవి మొలతాడు నుంచి విప్పి, మా అవ్వ చూస్తుండగానే సుబ్బులమ్మ చేతిలో పెట్టాడు.

సోమవారం పొద్దున్నే ఇన్‌స్పెక్టరు చంద్రశేఖరరావు ట్రాలీ మీద వచ్చాడు. కోస్తా మనిషి, కచ్చితమైనవాడు. స్టేషను పక్క వేపచెట్టు కింద బల్ల వేయించి, పుస్తకం తెరిచి, కలం సిరాలో ముంచాడు. గ్యాంగంతా చుట్టూ నిలబడింది. గురుస్వామి కూడా వచ్చాడు. కొండయ్య చేతులు కట్టుకుని తల వంచుకున్నాడు.

"ఏమయ్యా, చెప్పుకునేది ఏమైనా ఉందా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"లేదు సామీ" అన్నాడు కొండయ్య.

"ఉండాది సామీ" అంది సుబ్బులమ్మ వెనక నుంచి. మగవాళ్లను తోసుకుంటూ వచ్చి, విరిగిన కామను బల్ల మీద పెట్టింది. "విరగ్గొట్టినోడి పేరు రాస్తాండారు. విరిగినదాన్ని ఒక్కసారి చూసినారా?"

చంద్రశేఖరరావుకు కోపం వచ్చింది. కానీ కామను చేతిలోకి తీసుకున్నాడు. ఆమె బొట్టు తోకను చూపించింది, విరుగును చూపించింది. "తాడును నిలువుగ లాగి తెంపాలంటే ఎద్దుల బలం కావాల. అదే పోగుల్ని పక్కకు విడదీయాలంటే రెండు వేళ్లు చాలు. ఈ కామలో నార పక్కకు పోయింది సామీ. దీన్ని దెబ్బ తెంపలేదు, విడదీసింది" అంది.

గురుస్వామి పెద్దగా నవ్వాడు. "బొట్టు పెట్టి కర్రకు జాతకం చెప్తాండాది. రేపు సోది కూడా చెప్తాది" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు కామను బల్ల మీద పెట్టేశాడు. "చూడమ్మా, బొట్లూ పూజలూ ఇంట్లో పెట్టుకో. ఇది రైలు కంపెనీ వ్యవహారం" అన్నాడు.

సుబ్బులమ్మ వెనక్కి తగ్గలేదు. "బొట్టు వద్దంటే వద్దు సామీ. మీ సిరా ఉండాది గదా. కొత్త కామలు ఇరవైనాలుగు పెట్టెలో ఉండాయి. మీ చేత్తో మీరే ఒక్కొక్క చుక్క పెట్టండి. నేను ముట్టను. ఏది విరుగుతుందో, ఏది విరగదో ముందే చెప్తా. తప్పయితే నా మొగుడి పేరు రాసుకోండి, మూటాముల్లె సర్దుకుని పోతాం."

చంద్రశేఖరరావు కలం కింద పెట్టి ఆమె వైపు మొదటిసారి సరిగ్గా చూశాడు. చివరికి ఆయన "కామలు తీసుకురండి" అన్నాడు.

ఇరవైనాలుగు కామలూ చాప మీద పేర్చారు. ఇన్‌స్పెక్టరు వంగి, ప్రతి కామ మీదా కలం మొనతో సిరా చుక్క పెట్టాడు. పెద్ద ఉద్యోగి అలా నేల మీద వంగి చుక్కలు పెట్టడం మా వాళ్లు అదే మొదటిసారి చూడటం. సిరా కుంకుమ కంటే చురుగ్గా పాకింది. ఆమె వంగి ఒక్కొక్క దాన్నీ చూసి, తొమ్మిదింటిని వేలితో చూపించింది. "ఇవి విరుగుతాయి" అంది. ఆ తొమ్మిదీ మిగతావాటికంటే తిన్నగా, అందంగా ఉన్నవే.

స్టేషను అంచున, పట్టాల కింద వేసే స్లీపరు దుంగలు రెండింటిని మూరెడు దూరంలో పెట్టి, వాటి మీద కామను అడ్డంగా పరిచారు. గ్యాంగులో పోలయ్య అనే బలశాలి సమ్మెట ఎత్తి కామ నడుమ కొట్టాలి. తొమ్మిదింట్లో ఏది ముందో గురుస్వామినే ఎంచుకోమన్నారు. ఆయన నిగనిగలాడేదాన్ని ఎంచి పెట్టాడు. పోలయ్య కొట్టాడు. కామ రెండు ముక్కలై చెరో పక్కకు ఎగిరింది. విరుగు వాలుగా ఉంది. ఇన్‌స్పెక్టరు ముక్క తీసుకుని సిరా తోక పక్కన పెట్టి చూసుకున్నాడు.

"ఒకటి విరిగితే ఏమైంది? మంచిదన్నదాన్ని కూడా కొట్టండి" అన్నాడు గురుస్వామి. న్యాయమే. సుబ్బులమ్మ మంచివన్న వాటిలో అన్నిటికంటే వంకరగా ఉన్నదాన్ని ఆయనే తెచ్చాడు. పోలయ్య కొట్టాడు. సమ్మెట ఎగిరి వెనక్కి వచ్చింది. మళ్లీ కొట్టాడు. ఐదు దెబ్బలు. కామ వంగి మళ్లీ లేచింది, పోలయ్య మణికట్టు పట్టుకుని "నా చెయ్యి పోయింది గానీ ఇది పోలేదు" అన్నాడు. జనం నవ్వారు.

తరువాత వరసగా చెడ్డవి. రెండోది, మూడోది, నాలుగోది. ఒక్కో దెబ్బకు ఒక్కోటి. ఐదోది విరగలేదు. మళ్లీ కొట్టినా విరగలేదు. జనంలో నవ్వు ఆగింది. కొండయ్య అప్పటిదాకా వంచిన తల ఎత్తి పెళ్లాం వైపు చూశాడు. ఆమె దగ్గరకు పోయి, వంగి సిరా చుక్కను మళ్లీ చూసి, "మా పోలయ్య మరిదికి చెయ్యి నొప్పంట. గట్టిగ కొట్టమనండి" అంది. పోలయ్యకు రోషం వచ్చింది. ఈసారి కాళ్లు ఎడం పెట్టి కొట్టాడు. కామ వాలుగా చీలి రెండైంది.

తొమ్మిదీ పోయాయి. ఇక చాలని గురుస్వామి బతిమాలినా ఇన్‌స్పెక్టరు వినలేదు. మంచివాటిలో ఇంకో నాలుగు కొట్టించాడు. అందులో ఒకటి ఫట్‌మని విరిగింది. గురుస్వామి మొహం వెలిగింది. సుబ్బులమ్మ ముక్కను తీసుకుని విరుగులోకి వేలు పెట్టింది, పిండి రాలింది. "పురుగు తినింది సామీ. చుక్క నార సంగతి చెప్తుంది, పురుగు సంగతి చెప్పదు. ఇది నాకు తెలీలేదు" అంది.

చంద్రశేఖరరావు గారికి అన్నిటికంటే ఆ మాటే నచ్చిందని మా తాత చెప్పేవాడు. తెలియనిది తెలియదని చెప్పే మనిషి తెలుసునన్నది నమ్మొచ్చు కదా. ఆయన బల్ల దగ్గరికి పోయి, పుస్తకంలో మూడోసారి కొండయ్య పేరు రాయకుండా వదిలేసి, మొదటి రెండుసార్లు రాసిందీ కొట్టేశాడు. తరువాత పైకే చదువుతూ రాశాడు. ఇకమీదట కంట్రాక్టరు పంపే ప్రతి కామనూ సిరా చుక్కతో చూసి, చూసినవాళ్లు సరేనంటేనే తీసుకోవాలి.

"చూసేదెవరు?" అన్నాడు గురుస్వామి గొంతు తగ్గించి.

"ఆవిడే" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"చూస్తా సామీ" అంది సుబ్బులమ్మ. "కానీ ఇంకో మాట కూడా రాయండి. కామ విరిగితే ముందు కామను తెచ్చి బల్ల మీద పెట్టాల. ఆనక మనిషి పేరు." ఆయన అది కూడా రాశాడు. ఆ మాటతో మా గ్యాంగులే కాదు, నంద్యాల దాకా ఉన్న గ్యాంగులు ఊపిరి పీల్చుకున్నాయి. ఆ తరువాత పదిహేడేళ్లు ఆమె గిద్దలూరు గూడ్సు షెడ్డులో కూర్చుని కామలు చూసింది. గురుస్వామి కూడా రంపం మానేసి చీల్చిన కర్రే పంపాడు. ఏడాది తిరిగేసరికి, తన కామలు విరగవని కంభం బజారులో గొప్పలు చెప్పుకునేవాడు. పోనీండి, గెలిచినవాళ్లం, అంత మాత్రం ఇవ్వొచ్చు.

కానీ ఆ సోమవారం పని అక్కడితో అయిపోలేదు. మలుపు దగ్గర సగం కోసిన పట్టా అలాగే పడి ఉంది. ఇన్‌స్పెక్టరు కొండయ్య వైపు తిరిగి, "రేపటి నుంచి డ్యూటీకి రా" అన్నాడు.

"రేపు కాదు సామీ, ఇప్పుడే" అంది సుబ్బులమ్మ. ఆ వంకర కామకే సమ్మెట తల బిగించి మొగుడి చేతికిచ్చింది.

అందరూ మలుపు దగ్గరికి నడిచారు. కొండయ్య పట్టా ముందు నిలబడ్డాడు. సమ్మెట చేతిలో ఉంది, చేతులు పైకి లేవడం లేదు. గెలిచింది పెళ్లాం, నిజమే. తప్పు కామదేనని నలుగురూ ఒప్పుకున్నారు. కానీ ఆ ఇనప తల ఒక మనిషి కాలి మీద పడటం ఆయన కళ్లారా చూశాడు. సిరా చుక్క దాన్ని తుడిచేయలేదు. పైగా ఉలి పట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. పోలయ్య దగ్గాడు. ఇంకొకడు చుట్ట వెతుక్కున్నాడు. కొండయ్య సమ్మెటను నేలకు దించి, "నావల్ల కాదు" అన్నాడు.

అప్పుడు జనం పక్కకు జరిగారు. మా తాత పాపయ్య వస్తున్నాడు. కాలికి కట్టు, ఒక చెయ్యి మా అవ్వ రోశమ్మ భుజం మీద. మా అవ్వ ఇంకో చేత్తో పీట మోసుకొచ్చింది. నాలుగు రోజుల కిందట ఇంటికి రావద్దన్న మనిషి, పట్టా పక్కన తానే పీట వేసి మొగుణ్ణి కూర్చోబెట్టింది. సరిగ్గా దెబ్బ తగిలిన చోటే. మా తాత ఉలి అందుకుని, గాటులో నిలబెట్టి, రెండు చేతులా పట్టుకున్నాడు.

"కొట్టరా" అన్నాడు.

"నీ కాలు బావా" అన్నాడు కొండయ్య.

"ఆ కాలు ఇక్కడే ఉండాది. ఎక్కడికీ పోదు. నువ్వు కొట్టు."

కొండయ్య మా అవ్వ వైపు చూశాడు. ఆమె పీట వెనక నుంచి పక్కకు జరగలేదు. మొగుడి భుజం మీద చెయ్యి వేసి అక్కడే నిలబడింది. అంతసేపు వాగిన సుబ్బులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కొండయ్య సమ్మెటెత్తాడు. మొదటి దెబ్బ ఉలి నడినెత్తిన పడింది. మా తాత కన్ను కూడా ఆర్పలేదు. రెండో దెబ్బ, మూడో దెబ్బ, ఆపైన కొండయ్యకు చేతులు మాట వినడం మొదలుపెట్టాయి. అదే చోట, అదే దెబ్బ. కామ ప్రతి దెబ్బకూ ఒంగి లేస్తోంది. పదకొండో దెబ్బకు పట్టా పెద్ద చప్పుడుతో రెండుగా విడిపోయింది. మా తాత ఉలి కింద పెట్టి, చెయ్యి చాపి, కొండయ్య చేతులు రెండూ పట్టుకుని పీట మీంచి లేచాడు.